తల ఎవరిది, మొండెం ఎవరిది?

భేతాళుడు విక్రమార్కుని అడిగిన చిక్కుప్రశ్నలలో తలలు తారుమారైన కథ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దేవి కోవెలలో తలలు తెగి పడి ఉన్న ఇద్దరిని బ్రతికించుకొనే తొందరలో ఒక ఇల్లాలు ఒకరి తల మరొకరి మొండానికి అతికించింది. ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఇప్పుడు ఆమెకు భర్త ఎవరు? సర్వాంగాలకూ శిరస్సే ప్రధానం గనుక, భర్త తల ఎవరికి ఉన్నదో వాడే భర్త అని విక్రమార్కుడు తీర్పు చెప్పాడు. ఆ తీర్పు న్యాయమో కాదో లోకవ్యవహారంలో ఎట్లున్నా, కోట్ల సంవత్సరాల క్రిందట అంతరించిన రాక్షసబల్లుల విషయంలో మాత్రం నేటి శాస్త్రజ్ఞులు దాదాపు అదే తీర్పును అనుసరిస్తున్నారు. చిక్కల్లా ఒక్కటే. మొండేలు పుట్టలుగా దొరుకుతాయి, తలలు దొరకవు.

రాక్షసబల్లులలో సారోపాడ్‌లు అనే వర్గం ఒకటి ఉన్నది. ఏనుగు కాళ్ళవంటి నాలుగు కాళ్ళు, తాటిచెట్టును తలపించే మెడ, అంతకు తగిన తోక, ఇంతటి శరీరానికి కొసన ఒక చిన్న తల. ఇవి శాకాహారులు. భూమి మీద నడిచిన ప్రాణులన్నిటిలోకీ పెద్దవి ఇవే. ఇంత పెద్ద దేహానికి అమరిన తల చాలా సందర్భాలలో గుర్రపు తలకంటె పెద్దది కాదు. పైగా ఆ పుర్రె ఒకే గట్టి పెట్టె కాదు. అనేక పలుచని ఎముకలను కూర్చి అల్లిన బుట్టవంటిది. మెడకు దాని అతుకు కూడా బలహీనమైనది. జంతువు చనిపోగానే మొట్టమొదట ఊడిపోయేది తలే. ఏటి ప్రవాహం దానిని దొర్లించుకొని పోతుంది, మాంసాహారులు చిదిపివేస్తాయి, ఎండా వానా మిగిలినదానిని ముక్కలు చేస్తాయి. తొడ ఎముక దుంగవలె బురదలో దిగబడి శిలగా మారేసరికి, ఆ తొడ ఎవరిదో చెప్పగల తల మరెక్కడో మట్టిలో కలిసిపోయి ఉంటుంది. మన పురాణాలలో తల మాత్రమే గల రాహువు, మొండెం మాత్రమే గల కేతువు ఉన్నారు. సారోపాడ్‌ల ప్రపంచమంతా కేతువులే. ఎప్పుడో ఒక రాహువు కనబడితే అది పండుగ.

తల లేని మొండానికి తలను ఊహించి అతికించడంలో ఎంతటి పొరపాటు జరుగగలదో చెప్పడానికి అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం మంచి ఉదాహరణ. అక్కడి కార్నెగీ మ్యూజియంలో అపాటోసారస్ అనే సారోపాడ్ అస్థిపంజరం ఉన్నది. 1909లో ఎర్ల్ డగ్లస్ యూటా రాష్ట్రంలో దీనిని కనుగొన్నారు. ఆ తవ్వకం చోటనే ఒక సన్నని, పొడవైన ముట్టె గల పుర్రె కూడా దొరికింది. ఇదే దీని తల కావచ్చునని మ్యూజియం డైరెక్టరు విలియం హాలండ్ 1915లో వ్రాశారు. కాని ఆనాటి పెద్దలు ఒప్పుకోలేదు. అపాటోసారస్‌కు పొట్టి మూతి, బలమైన దవడ ఉండి తీరాలని వారి అభిప్రాయం. హాలండ్ తన మాట చెల్లనప్పుడు పరుల మాటను గోడకెక్కించడం ఇష్టంలేక, అస్థిపంజరాన్ని తల లేకుండానే నిలబెట్టారు. ఈ పట్టుదలను మెచ్చుకోక తప్పదు. ఆయన 1932లో మరణించిన తరువాత, కామరాసారస్ అనే వేరొక జంతువు తలను పోలినది ఆ మెడకు తగిలించారు. దశాబ్దాల పాటు పిల్లలూ పెద్దలూ ఆ పరాయి తలనే చూసి, అదే నిజమనుకొని వెళ్ళారు. చివరకు 1970 దశకంలో జాన్ మెకింటాష్, డేవిడ్ బెర్మన్ అనే ఇద్దరు పాత తవ్వకాల లెక్కలు, ఉత్తరాలు, ఎముకల మీది సంఖ్యలు అన్నీ తిరగవేసి, హాలండ్ చెప్పినదే సరియని నిరూపించారు. 1979లో మ్యూజియం తల మార్చింది. వినాయకునికి ఏనుగు తల అతికించిన కథ మనకు ఉన్నది గాని, అతికించిన తలను మళ్ళీ తీసి అసలు తలను పెట్టిన కథ పిట్స్‌బర్గ్‌లోనే జరిగింది.

ఈ డేవిడ్ బెర్మన్ పేరును పాఠకులు మరొకసారి గుర్తు పెట్టుకోవాలి. ఆయన మూడేళ్ళ తరువాత మన దేశపు తల ఒకదానిని గురించి కూడా వ్రాశారు.

అంతకంటె ముందు మన గోదావరి కథ చెప్పుకోవాలి. ప్రాణహిత, గోదావరి నదుల లోయలో కోట అనే గ్రామం పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే శిలల పొర ఒకటి ఉన్నది. అది జురాసిక్ యుగానికి చెందినది. కలకత్తాలోని భారత గణాంక సంస్థను నెలకొల్పిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు అంకెల మీద ఎంత మక్కువో ఎముకల మీద కూడా అంతే మక్కువ. ఆయన ఆహ్వానం మీద లండన్ నుంచి పమేలా రాబిన్‌సన్ అనే విదుషీమణి వచ్చి, యువ భారతీయ శాస్త్రజ్ఞులకు శిలాజ పరిశోధనలో శిక్షణ ఇచ్చారు. ఆ కృషికి ఫలితంగా 1960 ప్రాంతంలో, గోదావరి లోయలోని పోచంపల్లి గ్రామ పరిసరాలలో ఒక పెద్ద ఎముకల గుట్ట బయటపడింది. ఇది పట్టుచీరల పోచంపల్లి కాదు, వేరొక పోచంపల్లి. అక్కడ కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు మూడు వందల ఎముకలు దొరికాయి. తొడ ఎముక ఒక్కటే మనిషి ఎత్తు. ఎముకలతో పాటు పెద్ద పెద్ద చెట్ల మానులు కూడా శిలలై ఉండడం చేత, ఏదో వరదలో ఈ మంద కొట్టుకువచ్చి ఉంటుందని తరువాతి పరిశీలకులు భావించారు.

సోహన్‌లాల్ జైన్, టి. ఎస్. కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ 1975లో దీనికి బరపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. క్షేత్రంలో పని సాగిన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం గనుక ఆయన పేరు కూడా చేరింది. తెలుగు గడ్డ మీది గోదావరి ఒడిలో పుట్టి పెరిగి చనిపోయిన జంతువుకు బెంగాలీ ఇంటిపేరు వచ్చిందే అని మనవారు నొచ్చుకొనవలసిన పని లేదు. తవ్వినవారికి పేరు పెట్టే హక్కు ఉన్నది, అదీగాక పేరు బాగున్నది.

ఇంటిపేరు అన్న మాట ఊరకనే వాడలేదు. శాస్త్రజ్ఞులు ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు పెడతారు. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. అంటే ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. ఈ పద్ధతి పాశ్చాత్యులకు కొంత తలకిందులుగా తోచవచ్చును గాని, తెలుగువారికి పుట్టుకతో వచ్చినదే.

రెండవ గోదావరి జంతువుకు ఇంటిపేరు మనదే వచ్చింది. యామన్‌పల్లి గ్రామ సమీపంలో 1970 దశకం చివర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు జరిపిన తవ్వకాలలో, కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు లభించాయి. పి. యాదగిరి 1988లో దీనికి కోటసారస్ యామన్‌పల్లియెన్‌సిస్ అని పేరు పెట్టారు. తొమ్మిది మీటర్ల పొడవు గల ఈ జంతువు అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నది. నౌబత్ పహాడ్ ఎక్కి చూసినవారు చాలామంది ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. పోచంపల్లిలో మూడు వందలు, యామన్‌పల్లిలో 840. ఇన్ని ఎముకలలో ఒక్క పుర్రె లేదు. దొరికినవి కొన్ని విడి దంతాలు. పద్దెనిమిది జంతువులలో ఒక్కదాని ముఖమైనా మనకు తెలియదు. సారోపాడ్‌ల వంశవృక్షంలో బరపాసారస్, కోటసారస్ మొదటి కొమ్మలకు చెందినవి గనుక, వాటి తల ఎట్లుండేదో తెలిస్తే తరువాతి మహాకాయుల తలలు ఎట్లు మారుతూ వచ్చాయో తెలిసేది. ఆ దంతాలు మాత్రం కొంత చెబుతాయి. బరపాసారస్ దంతం గరిటె ఆకారంలో ఉండి, అంచున రంపపు పళ్ళవంటి గరుకు నొక్కులు కలిగినది. అది ఆకులను తెంపి కొరికే నోరు. ఎంతో కాలానికి తరువాత వచ్చిన టైటానోసార్‌ల దంతాలు పెన్సిలువలె సన్ననివి. అవి కొరకవు, దువ్వెనవలె రెమ్మలను దూసుకొంటాయి. ఈ జంతువులకు దంతాలు ఊడిపోవడం, మళ్ళీ రావడం జీవితాంతం సాగేది. డిప్లోడోకస్ అనే సారోపాడ్‌కు ఒక్కొక్క చోట సుమారు ముప్పై అయిదు రోజులకొక కొత్త పన్ను వచ్చేదని 2013లో లెక్క కట్టారు. అందుచేతనే పుర్రె దొరకని చోట కూడా దంతాలు దొరుకుతాయి. ఒక్క జంతువు తన జీవితంలో వందల కొలది పళ్ళు రాల్చింది, తల మాత్రం ఒక్కటే.

పుర్రె లేకుండా పేరు పెట్టడం తప్పు కాదు. బరపాసారస్‌కు గాని కోటసారస్‌కు గాని మొండెంలోని తక్కిన ఎముకలు దాదాపు అన్నీ ఉన్నాయి. వాటి వెన్నుపూసలలోను, తుంటి ఎముకలలోను ప్రత్యేక లక్షణాలు చూపగలిగారు. కాని ఒకటి రెండు తోక ఎముకలను చూసి పేరు పెట్టిన చోట ఏమి జరిగిందో చూడండి. 1828లో ఠగ్గులను అణచివేసినవాడుగా పేరు పొందిన స్లీమన్ జబల్‌పూరు దగ్గర రెండు తోక పూసలు ఏరి కలకత్తాకు పంపాడు. రిచర్డ్ లిడెకర్ 1877లో వాటికి టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. భారతదేశంలో పేరు పొందిన తొలి రాక్షసబల్లి ఇదే. ఆనాడు ఆ పూసల ఆకారం అపూర్వంగా తోచింది. తరువాత ప్రపంచమంతటా అటువంటి పూసలే దొరుకుతూ వచ్చాయి. అవి ఒక జాతికి కాక ఒక పెద్ద కుటుంబానికంతటికీ సామాన్య లక్షణమని తేలింది. చివరకు 2003లో జెఫ్రీ విల్సన్, పాల్ అప్‌చర్చ్ ఆ పేరు శాస్త్రదృష్ట్యా చెల్లదని తేల్చారు. కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదినట్లయింది. ఆ పేరు మీద వెలసిన టైటానోసార్ అనే కుటుంబనామం మాత్రం ప్రపంచమంతటా నిలిచి ఉన్నది. ఒక విశేషమేమంటే, చాలా కాలంగా కనబడక పోయినవనుకొన్న ఆ ఎముకలలో ఒకటి 2012లో కలకత్తాలోని సర్వేక్షణ సంస్థ భాండాగారంలోనే దొరికింది. మన దేశంలో శిలాజాలను నేలలోనే కాదు, బీరువాలలో కూడా తవ్వవలసి ఉంటుంది.

అదే జబల్‌పూరులో, బడా సిమ్లా అనే గుట్ట మీద, చార్లెస్ మాట్లే సేకరించిన ఎముకలలో ఒక అమూల్యమైన ముక్క ఉన్నది. అది మెదడును చుట్టి ఉండే గట్టి ఎముకల గూడు. దానిని కపాలగర్భమని పిలుచుకొందాం. ముఖం, దవడలు పోయినా, మెడ పక్కన ఉండే ఈ గూడు దళసరిది కావడం వల్ల అప్పుడప్పుడు మిగులుతుంది. 1933లో జర్మన్ పండితుడు ఫ్రీడ్రిక్ ఫాన్ హ్యూనే, మాట్లేతో కలిసి, దీనికీ దీనితో దొరికిన తక్కిన ఎముకలకూ అంటార్క్‌టోసారస్ సెప్టెంట్రియొనాలిస్ అని పేరు పెట్టారు. అంతకు ముందే హ్యూనే 1929లో అర్జెంటీనా జంతువు ఒకదానికి అంటార్క్‌టోసారస్, అంటే దక్షిణపు బల్లి అని పేరు పెట్టి ఉన్నారు. మనది దానికి ఉత్తరాన దొరికిన చుట్టమని ఆయన ఊహ. రెండు మాటలూ కలిపి అర్థం చెప్పుకొంటే ఉత్తరదేశపు దక్షిణబల్లి అవుతుంది. పేరులోనే తగవు ఉన్నది.

ఆ తగవు తీరడానికి అరవై ఏళ్ళు పట్టింది. మన జంతువు అర్జెంటీనా దానికి ఇంటిపేరు పంచుకొనేంత దగ్గరిది కాదని తెలిసి, 1995లో హంట్, ఆయన సహచరులు దీనికి జైనోసారస్ అని కొత్త ప్రజాతి నామం ఇచ్చారు. గోదావరి లోయలో బరపాసారస్‌ను వెలికి తీసినవారిలో ఒకరైన సోహన్‌లాల్ జైన్ గౌరవార్థం పెట్టిన పేరు ఇది. అప్పుడే వారు మరొక పని కూడా చేశారు. హ్యూనే పేర్కొన్న ఎముకలన్నీ ఒకే జంతువువని నమ్మకం లేదు. రేపు కాలు ఒకరిది, భుజం వేరొకరిది అని తేలితే పేరు ఎవరికి చెందాలి? పేరు ఈ కపాలగర్భానికే చెందుతుందని వారు నిర్ణయించారు. విక్రమార్కుని తీర్పు మళ్ళీ చెల్లింది.

ఇక్కడికి బెర్మన్ వస్తారు. పిట్స్‌బర్గ్ తలను సరిదిద్దిన ఆయనా, మన సోహన్‌లాల్ జైన్ కలిసి, మహారాష్ట్రలోని డోంగర్‌గావ్‌లో దొరికిన మరొక చిన్న కపాలగర్భాన్ని 1982లో వర్ణించారు. ఆ తరువాత అదే డోంగర్‌గావ్ గుట్ట మీద ఒక చక్కని మొండెం దొరికింది. దానికి జైన్, శాశ్వతీ బంద్యోపాధ్యాయ 1997లో పేరు పెట్టారు. భారత గణాంక సంస్థ పేరు స్ఫురించేటట్లు 2003 నుంచి దానిని ఐసిసారస్ అంటున్నారు. ఒకే గుట్ట, ఒక తల, ఒక మొండెం. ఇక రెండూ కలిపివేయవచ్చునని సామాన్యునికి తోస్తుంది. కాని శాస్త్రజ్ఞులు కలుపలేదు. ఆ తల జబల్‌పూరు తలకే ఎక్కువ దగ్గరగా ఉన్నదని 2009లో విల్సన్, మొహబే, సేన్ మొదలైనవారు జైనోసారస్‌ను పునఃపరిశీలించినప్పుడు అభిప్రాయపడ్డారు. పక్కపక్కన దొరికినంత మాత్రాన ఒకరి తల మరొకరిది కాదు. పిట్స్‌బర్గ్‌లో పక్కన దొరికిన తలే అసలు తల అయింది, డోంగర్‌గావ్‌లో కాలేదు. అందుచేత సూత్రం పెట్టుకొని తీర్పు చెప్పే వీలు లేదు. ప్రతిసారీ ఎముకనే అడగాలి.

ఎముకను అడగడమంటే ఏమిటి? కపాలగర్భం వెనుక వైపున గుండ్రని బొడిపె ఒకటి ఉంటుంది. మెడలోని మొదటి పూస దాని మీదనే కూర్చుంటుంది. ఆ బొడిపె తిరిగిన దిక్కును బట్టి జంతువు తలను మెడకు అడ్డంగా వంచి పట్టేదో, చాచి పట్టేదో ఊహించవచ్చు. దాని పైన వెన్నుపాము దిగే రంధ్రం. దానికి ఇరుపక్కల రెక్కలవలె చాచిన ఎముకలు. అడుగున జంటగా రెండు బుడిపెలు, వాటి ముందు అంగిలికి ఊతమిచ్చే రెండు కొమ్ములు. ఈ కొమ్ముల పొడవు, వాటి మధ్య ఎడం, బుడిపెల ఆకారం జాతి జాతికీ మారుతాయి.

ఇంకా సూక్ష్మమైన సాక్ష్యం రంధ్రాలలో ఉన్నది. మెదడు నుంచి కంటికి, దవడకు, నాలుకకు, గొంతుకు పోయే నాడులు ఒక్కొక్కటీ ఎముకలో తన దారి తాను చేసుకొని బయటకు వస్తుంది. ఇల్లు కూలినా గోడలో తీగల కన్నాలు మిగిలినట్లు, మెదడు నశించినా ఈ కన్నాలు శిలలో మిగిలాయి. ఉదాహరణకు, కంటిగుడ్డును పక్కకు తిప్పే ఆరవ నాడి చాలా సారోపాడ్‌లలో పీయూషగ్రంథి ఉండే గుంటలోకి దిగుతుంది. టైటానోసార్‌లలో ఆ గుంటను తాకకుండా పక్కనుంచి పోతుంది. ఒక సూది దూరేంత కన్నం, అది ఎటు తిరిగిందన్న ఒక్క విషయం, పది టన్నుల జంతువు ఏ కుటుంబానిదో చెబుతుంది. పూర్వం ఇది చూడాలంటే రాతిని ఓపికగా గోకి తీయాలి, లేదా కోయాలి. ఇప్పుడు ఆస్పత్రులలో మనుషులకు తీసే సీటీ స్కాన్‌ను శిలాజాలకు కూడా తీస్తున్నారు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకారపు నాళాలు కూడా అందులో కనబడతాయి.

ఇవన్నీ చూసిన తరువాత కూడా కొత్త జాతి అని ప్రకటించడానికి తొందరపడకూడదు. పిల్లకూ తల్లికీ పుర్రెలో తేడా ఉంటుంది. ఒకే మందలో రెండు జంతువులు అచ్చుగుద్దినట్లు ఉండవు. కోట్ల సంవత్సరాల మట్టి బరువు క్రింద ఎముక నలిగి, వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకర పుట్టుకతో వచ్చినదా, బరువు వల్ల వచ్చినదా అని ముందు తేల్చుకోవాలి. తేడా నిజమైనదని, ఇంకెక్కడా లేనిదని నమ్మకం కుదిరినప్పుడే వర్ణన వ్రాసి, ప్రమాణంగా ఆ ఒక్క ఎముకను పేర్కొని, దానిని ఎవరైనా వచ్చి చూడగల భాండాగారంలో ఉంచి, పేరు ప్రకటిస్తారు. ఈ చివరి షరతును మనవారు అంతగా పట్టించుకోరు గాని, ఈ వ్యాసకర్త దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది అదే.

ఇంత పరీక్షకూ నిలిచి, కేవలం ఒక కపాలగర్భం ఆధారంగా పేరు పొందిన సారోపాడ్‌కు ఉదాహరణ మన పొరుగున ఉన్నది. హిందూమహాసముద్రానికి అవతల మడగాస్కరు దీవిలో రాపెటోసారస్ అనే టైటానోసార్ తలా మొండెంతో సహా దొరికి 2001లో పేరు పొందింది. అదే శిలల పొరలో రాపెటోసారస్‌ది కాని ఒక అసంపూర్ణ కపాలగర్భం కూడా దొరికింది. క్రిస్టినా కరీ రోజర్స్, జెఫ్రీ విల్సన్ దానిని పరిశీలించి 2014లో వాహినీ డెపెరెటై అని పేరు పెట్టారు. తెలుగు చెవికి ఇది నది పేరువలె వినబడుతుంది. మలగాసీ భాషలో మాత్రం బాటసారి అని అర్థం. ఈ బాటసారి ముఖకవళికలు ఎవరిని పోలి ఉన్నాయో ఊహించండి. పక్కనే ఉన్న రాపెటోసారస్‌ను కాదు, సముద్రానికి ఇవతలి మన జైనోసారస్‌ను.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. మడగాస్కరు, భారత భూభాగాలు ఒకప్పుడు కలిసి ఉండి, సుమారు 8.8 కోట్ల సంవత్సరాలకు పూర్వం విడిపోయాయి. జైనోసారస్, వాహినీ రెండూ సుమారు ఏడు కోట్ల సంవత్సరాల ప్రాంతానివి. విడిపోయి దాదాపు రెండు కోట్ల సంవత్సరాలు గడిచిన తరువాత కూడా దాయాదుల పోలిక చెడలేదు. తెగిన భూఖండం ఒంటరి దీవిగా ఉత్తరానికి సాగుతున్న కాలంలో దాని మీది ప్రాణులు పాత వంశాలనే నిలుపుకొన్నాయా, లేక రాకపోకలకు ఏదో దారి మిగిలి ఉన్నదా అన్న వాదం నేటికీ సాగుతున్నది. ఈ వాదానికి సాక్ష్యమిచ్చేవి రెండు చేతులలో ఇమిడే రెండు మూడు ఎముకల గూళ్ళు.

దక్షిణాదిన ఇటువంటి సాక్ష్యం మనకు దక్కి ఉండవలసినది, దక్కలేదు. పుదుచ్చేరి పట్టణపు పడమటి భాగమైన రెడ్డియార్‌పాళయం వాసులు విళుపురం రోడ్డున నిత్యం తిరుగుతూ ఉంటారు. తమ పరిసరాలు భూగర్భ శాస్త్రంలో ఎంత పేరు పొందినవో వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేము. వాయవ్యాన వళుదావూరు ప్రాంతపు క్రెటేషియస్ శిలలలో కే, కన్లిఫ్ అనేవారు ఏరిన గవ్వలను, నత్తలను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లోనే లండన్‌లో వర్ణించాడు. అవి సముద్రగర్భపు శిలలు గనుక భూచరాల ఎముకలకు అక్కడ ఆశ తక్కువ. సుమారు ముప్పై కిలోమీటర్లలో ఉన్న తిరువక్కరైలో రాయిగా మారిన మహావృక్షాల మానులు నేటికీ చూడవచ్చు. ఆ మానులను మనసులో ఉంచుకొని, నైరుతిగా నూరు కిలోమీటర్లకు పైగా వెళితే అరియలూరు ప్రాంతంలో కల్లమేడు అనే గ్రామం వస్తుంది.

అక్కడ యాదగిరి, అయ్యసామి 1980 దశకంలో కొన్ని మహత్తరమైన ఎముకలు కనుగొన్నారు. మోకాలి క్రింది ఎముకే రెండు మీటర్లు. దానికి బృహత్కాయోసారస్ మాట్లేయి అని పేరు పెట్టారు. బృహత్కాయమన్న సంస్కృత పదం దీనికి తగినట్లు మరి దేనికీ తగదు. అయితే దానిని వారు మొదట మాంసాహారిగా వర్గీకరించారు. అది సారోపాడ్ అని 1995లో శంకర్ చటర్జీ సూచించారు. తల లేదు, దంతాలు లేవు. ఇవి అసలు ఎముకలే కావు, తిరువక్కరైలోని వాటివంటి శిలావృక్షాలేమో అని సందేహించినవారు కూడా ఉన్నారు. నీలి తిమింగలంతో సరితూగే బరువు కట్టినవారూ ఉన్నారు. ఒకే వస్తువును ఒకరు మ్రాను అంటే ఇంకొకరు భూమి మీద నడిచిన అతి పెద్ద ప్రాణి అంటున్నారంటే, సాక్ష్యం ఎంత బలహీనమో తెలుస్తూనే ఉన్నది.

ఎముకలను మళ్ళీ చూసి తేల్చవచ్చును గదా అంటే, చూడడానికి అవి లేవు. వానలకు నాని, పెళుసెక్కిన ఆ ఎముకలు శిథిలమై పొడి అయిపోయాయని 2017లో అయ్యసామి, పీటర్ గాల్టన్ ప్రకటించారు. 2022లో పాత ఛాయాచిత్రాలు కొన్ని ప్రచురించిన తరువాత అవి ఎముకలేనన్న నమ్మకం పెరిగింది. కాని ఛాయాచిత్రానికి సీటీ స్కాన్ తీయలేము. భూగర్భ వారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు ప్రకటించింది. తవ్వి తీసిన దానికి జిగురు పూసి, పట్టీ కట్టి, నీడపట్టున చేర్చే ఏర్పాటు ఊరూరా ఉండాలంటే చట్టంతో పాటు డబ్బు కూడా కావాలి.

ఈ కల్లమేడు కథ తెలిసినవారికి గోదావరి లోయ మీద దిగులు కలుగుతుంది. ప్రాణహిత ఒడ్డు ప్రతి వర్షాకాలం కొంత విరిగి పడుతుంది. ఎర్రమట్టిలో కొబ్బరికాయంత రాయి ఒకటి బయటపడవచ్చు. దాని వెనుక గుండ్రని బొడిపె, ఇరుపక్కల చిన్న చిన్న కన్నాలు ఉండవచ్చు. పశువుల కాపరి దానిని కాలితో తన్నితే ఏటిలో పడిపోతుంది. కనబడినవారు చేయవలసిన పని పెద్దది కాదు. దానిని పెకలించకుండా ఉన్న చోటనే ఉంచి, నాణెమో చేయో పక్కన పెట్టి ఫోటో తీసి, ఊరూ వాగూ పొలం గుర్తులు వ్రాసుకొని, హైదరాబాదు బండ్లగూడలోని భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి గాని, దగ్గరి విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర విభాగానికి గాని తెలియజేస్తే చాలు. బిర్లా మ్యూజియంలోని కోటసారస్ భుజాల మీద ఇప్పుడు కనబడే తల ఊహించి చేసినది.